తేదీ మార్చి ఫిర్యాదు చేయవచ్చా?

ప్రశ్న: నేను ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. మా సూపరింటెండెంటు ఏడాదిపాటు రాత్రివేళ అసభ్య సందేశాలు పంపాడు. ఫిబ్రవరి 10న రికార్డు గదిలో చెయ్యి పట్టుకుని లాగాడు. గట్టిగా తిరగబడ్డాక అది మానేశాడు గానీ, అప్పటినుంచి మెమోల మీద మెమోలు ఇస్తున్నాడు. పై అధికారికి నోటిమాటగా చెబితే 'చూద్దాం' అన్నారు. అసహ్యం వేసి సందేశాలన్నీ తుడిచేశాను. నేడు జూలై 20. ఫిర్యాదుకు ఉన్న మూడు నెలల గడువు దాటింది కాబట్టి జూన్‌లో జరిగినట్లు రాయమని తోటివారు అంటున్నారు.

జవాబు: మీ కేసు ఫిబ్రవరి 10 అనే తేదీ మీద నిలబడి ఉంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 నాటి చట్టం ప్రకారం చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లో ఫిర్యాదు చేయాలి. తగిన కారణం ఉంటే, దాన్ని నమోదు చేసి, ఇలాంటి ఫిర్యాదులను విచారించే కార్యాలయ అంతర్గత కమిటీ మరో మూడు నెలలు పొడిగించగలదు. అంటే ఆగస్టు 10 వరకే.

మెమోలు కూడా వేధింపే కదా, గడువు ఇంకా నడుస్తోందనుకుంటే మునుగుతారు. 2025లో ఒక న్యాయ విశ్వవిద్యాలయ ఉపకులపతిపై వచ్చిన ఫిర్యాదులో, తర్వాతి పరిపాలనా చర్యలు లైంగిక వేధింపుకు కొనసాగింపు కావని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ ఫిర్యాదు కాలదోషం కిందే పోయింది.

తేదీ మార్చే ఆలోచన ఈ క్షణమే వదిలేయండి. జూన్‌లో మీరు రాసిన రోజున అతను సెలవులో ఉన్నట్లు హాజరు పట్టీ చూపితే, జరిగిన నిజం కూడా అబద్ధమైపోతుంది. నిరూపించలేకపోయినంత మాత్రాన చట్టం మిమ్మల్ని శిక్షించదు. తెలిసి అబద్ధం రాస్తే మాత్రం 14వ సెక్షన్ కింద చర్య మీపైకే వస్తుంది.

సందేశాలు తుడిచేయడం పెద్ద పొరపాటు. అసహ్యం మీది, ఆధారం కేసుది. ఆ ఫోను ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి. బ్యాకప్‌లో మిగిలాయేమో నిపుణుడికి చూపించండి. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరికి చెప్పుకున్నారు? వారూ సాక్షులే. పై అధికారికి ఏ రోజు చెప్పారో గుర్తు చేసుకుని రాయండి. ఆలస్యానికి మీరు చూపగల కారణం అదే.

ఈ వారంలోనే అంతర్గత కమిటీకి రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వండి. ఆధారాలు, సాక్షుల పేర్లు, చిరునామాలతో ఆరు ప్రతులు కావాలి. ఆలస్యాన్ని మన్నించాలని విడిగా ఒక దరఖాస్తు, విచారణ ముగిసేదాకా అతన్ని గానీ మిమ్మల్ని గానీ బదిలీ చేయాలని మరొకటి జతచేయండి. మెమోలను ఫిర్యాదులో చివరన, కక్ష సాధింపుగా మాత్రమే చూపండి. ముద్ర, తేదీ వేసిన రసీదు తీసుకోకుండా ఆ గది దాటవద్దు.

భారతీయ న్యాయ సంహిత 75వ సెక్షన్ కింద పోలీసు ఫిర్యాదు దారి వేరు. దానికి ఈ ఆరు నెలల గడువు వర్తించదు.