రెండో సూది మానేశారు, బిళ్లలు మానలేదా?

ప్రశ్న: నాకు తొలి కాన్పు, ఏడో నెల. మూడో నెలలో ఏఎన్‌ఎం టీడీ (ధనుర్వాతం టీకా) సూది వేస్తే చెయ్యి వాచి రెండు రోజులు జ్వరం వచ్చింది. మెడికల్ షాపులో బిళ్లలు తెచ్చుకుంటే తగ్గింది. నడుం నొప్పికి ఇప్పుడూ అవే వేసుకుంటున్నా. రెండో సూది వద్దంటోంది మా అత్త. వేయించుకోకపోతే ఏమవుతుంది?
- ఓ సోదరి, చంద్రగిరి

జవాబు: సూది సంగతి తర్వాత చెబుతా. ముందు ఆ బిళ్లలు ఆపండమ్మా. వాటి పేరు మీరు రాయలేదు. తెలిసి ఉండదు కూడా. స్ట్రిప్పులోంచి నాలుగు కత్తిరించి ఇస్తారు, పేరున్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. నొప్పులకని ఇలా ఇచ్చేవాటిలో డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ తరచుగా ఉంటాయి. 20 వారాలు దాటాక వీటివల్ల బిడ్డ కిడ్నీలు దెబ్బతిని ఉమ్మనీరు తగ్గవచ్చు. ఏడో నెల దాటితే బిడ్డ గుండె దగ్గరి ఓ రక్తనాళం ముందే మూసుకుపోయే ప్రమాదమూ ఉంది. మీకు అలా అయిందని అనడం లేదు, చూడకుండా చెప్పలేను. మిగిలిన బిళ్లలు చేత పట్టుకుని ఈ వారంలోనే తిరుపతి ప్రసూతి ఆసుపత్రికో, మీ డాక్టర్ దగ్గరికో వెళ్లండి. స్కాన్ అవసరమా అన్నది వాళ్లు చూస్తారు. కదలికలు తగ్గినట్టు అనిపిస్తే మాత్రం ఆ రోజే వెళ్లాలి. బీపీ భయంతో డాక్టర్ రాసిన చిన్న డోసు ఆస్పిరిన్ వేరు, దాన్ని సొంతంగా మానకండి.

ఇక సూది. చెయ్యి వాయడం, ఒకట్రెండు రోజుల జ్వరం మామూలే. దానికి పారాసెటమాల్ చాలు, అదీ అడిగి వేసుకోండి. ఆయాసం, ఒళ్లంతా దద్దుర్లు వచ్చి ఉంటే ముందే చెప్పండి. రెండో టీడీ నాలుగు వారాలకే పడాల్సింది. ఆలస్యమైందని మళ్లీ మొదలుపెట్టక్కర్లేదు, ఇప్పుడు వేయించుకోవచ్చు. పీహెచ్‌సీలో ఉచితమే. దీంతో ధనుర్వాతం నుంచి మీకూ, పుట్టగానే బిడ్డకూ రక్షణ.

కొనగలిగితే టీడీ బదులు టీడాప్ గురించి అడగండి. 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు, కోరింత దగ్గు నుంచి కూడా కాపాడుతుంది. బిడ్డకు సొంతంగా పెంటావాలెంట్ (కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బుల టీకా) పడేది ఆరో వారంలో. అప్పటిదాకా మీ నుంచి వెళ్లిన యాంటీబాడీలే దిక్కు. ఫ్లూ టీకా కూడా గర్భంలో తీసుకోవచ్చు. రుబెల్లా టీకా మాత్రం ఇప్పుడు కుదరదు, కాన్పయ్యాకే. పాలిస్తున్నా పర్వాలేదు, ఆ తర్వాత నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

బిడ్డ పుట్టిన 24 గంటల్లో హెపటైటిస్-బి టీకా పడిందో లేదో డిశ్చార్జికి ముందే కార్డులో చూసుకోండి. మీ అత్తగారిని కూడా ఈసారి చెకప్‌కు వెంటబెట్టుకెళ్లండి.