పీ0011 కోడ్, స్టార్టింగ్‌లో టకటక: ఫేజర్ మార్చేముందు ఇది చూడండి
పొద్దున కారు స్టార్ట్ చేయగానే ఇంజిన్ రెండు మూడు సెకన్లు టకటకమంటోంది, పీ0011 కోడ్ (క్యామ్‌షాఫ్ట్ టైమింగ్‌లో తేడా ఉందని చెప్పేది) వచ్చింది అన్నారు కదండీ, మెకానిక్ ఫేజర్ మార్చాలన్నాడని వెంటనే సరే అనేయకండి. ఫేజర్ అంటే వాల్వులు తెరుచుకునే టైమింగ్‌ని ముందుకూ వెనక్కీ జరిపే భాగం, అది నడిచేదే ఆయిల్ ప్రెషర్ మీద, ఇంజిన్ ఆపినప్పుడు లోపలి లాక్ పిన్ దాన్ని కదలకుండా పట్టి ఉంచాలి, ఆ పిన్ అరిగిపోతే ప్రెషర్ ఎక్కేదాకా అలా కొట్టుకుంటది. కోడ్ మాత్రం చాలాసార్లు ఫేజర్‌కి ఆయిల్ వదిలే కరెంటు వాల్వు, అదే ఆయిల్ కంట్రోల్ సోలెనాయిడ్, ఇరుక్కోవడం వల్లే. ఆయిల్ లెవెల్ చూడండి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడేనా చూడండి, సోలెనాయిడ్ విప్పి జాలీలో మడ్డి ఉంటే క్లీన్ చేయించండి. అయినా శబ్దం పోకపోతే ఎక్కువగా ఫేజరే అయ్యుంటుంది, అప్పుడు టైమింగ్ చైన్, దాన్ని బిగుతుగా పట్టి ఉంచే టెన్షనర్, కొత్త బోల్టులు కూడా ఒకేసారి వేయించేయండి, అంతా మళ్లీ విప్పడం దండగ. పీ0016 (క్రాంక్‌షాఫ్ట్, క్యామ్‌షాఫ్ట్ ఒకదానికొకటి సరిపోలట్లేదని చెప్పే కోడ్) కూడా తోడైందంటే చైన్ సాగిందేమో ముందు చూడాలి.