అమ్మీ, చివరి కొట్టం దాకా నడిచి చూడు

అమ్మీ,

నిన్న రాత్రి మీ నాయన ఫోన్ చేసి నువ్వు దక్షిణ సూడాన్ పోతున్నావని, రెంక్ అనే ఊళ్లో ఉద్యోగమని చెప్పినాడు. ఫోన్ పెట్టేశాక మ్యాప్ తెరిచి ఆ ఊరు వెతుక్కున్నాను. తెల్ల నైలు ఒడ్డున, సూడాన్ సరిహద్దుకు దగ్గర. 2023 ఏప్రిల్ 15న సూడాన్ రాజధాని ఖార్టూంలో యుద్ధం మొదలైనప్పటి నుంచి జనం మూటలు నెత్తిన పెట్టుకుని దిగుతున్న దారి అదే. అన్నం సగం వదిలేసి లేచాను. మీ పెద్దమ్మ అడిగితే కడుపులో బాగాలేదని చెప్పాను. భయం ఒక పక్క, గర్వం ఒక పక్క, ఏది ఎక్కువో నాకే తెలియలేదు, అందుకే పొద్దున్నే కూర్చుని ఇది రాస్తున్నాను.

గర్వం ఎందుకో ముందు చెప్తా. మీ జేజి పుట్టిన ఊరు శ్రీశైలం డ్యాం నీళ్ల కింద పోయింది. 1981లో ఖాళీ చేయించినప్పుడు మా మేనమామ పిల్లల్ని తీసుకుని ఎక్కడికి పోయాడో రెండేళ్లు మాకు తెలియలేదు. భూమికి పట్టా ఉన్నవాళ్ల పేర్లు కాగితాల్లో ఉన్నాయి. ఆయనది కౌలు సేద్యం, ఆయన పేరు ఎక్కడా లేదు. ఎండాకాలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడిన ప్రతిసారీ మీ జేజి ఆ పక్కకు తిరిగి దండం పెట్టుకునేది. ఆమె మనవరాలు ఇప్పుడు ఊరు పోగొట్టుకున్నవాళ్లు ఎక్కడున్నారో, ఎంతమందో, ఏం కావాలో రాసే పనికి పోతోంది. ఆమె ఉంటే ఊరంతా తిరిగి చెప్పుకునేది.

నీ పని గురించి నువ్వు పంపిన కాగితాలు చదివాను. ఐఓఎం అంటే వలసల పని చూసే ఐక్యరాజ్యసమితి సంస్థ కదా, వాళ్ల డిస్‌ప్లేస్‌మెంట్ ట్రాకింగ్ మ్యాట్రిక్స్ 2004లో ఇరాక్‌లో మొదలైందట. పేరు పెద్దదే గానీ పని నాకు తెలిసిందే. ఊరూరికీ పోవడం, తెలిసిన మనుషుల్ని అడగడం, మళ్లీ కొన్నాళ్లకు పోయి అడగడం, ఎంతమంది వచ్చారు, ఎంతమంది పోయారు, నీళ్లున్నాయా, డాక్టరున్నాడా అని రాయడం. 2024 చివరికి సరిహద్దు దాటకుండా సొంత దేశంలోనే ఇల్లు విడిచి బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో 8 కోట్ల 34 లక్షల మంది అని నువ్వే ఫోన్‌లో చెప్పావు. ఆ అంకెలో నీలాంటి పిల్లలు చెట్టు కింద కూర్చుని రాసిన అంకెలు కూడా ఉన్నాయి కదా. అందుకే నాకు టెన్షన్.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. చార్జింగ్ పెట్టుకునే పవర్ బ్యాంక్ రెండు తీసుకో. దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోవద్దు. కాగితం మీద కూడా రాసుకో, టాబ్ ఎండకు ఆగిపోతుంది. కాచిన నీళ్లే తాగు.

ఇక నేను చేసిన తప్పు. ఇది మీ నాయనకు కూడా సరిగ్గా తెలియదు.

2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగింది. నువ్వు అప్పుడు చిన్నపిల్లవు, అనంతపురంలో ఉన్నావు. తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊరి మీద పడినాయి, శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్లు వచ్చిన వరద అది. నీళ్లు తగ్గడం మొదలైన రోజు నేను పనిచేసే స్వచ్ఛంద సంస్థ మమ్మల్ని నది వెంబడి ఊళ్లకు పంపింది. సాయంత్రానికి ఏ ఊళ్లో ఎన్ని కుటుంబాలో చెప్పాలి, తెల్లవారి బియ్యం, టార్పాలిన్లు, దుప్పట్లు, తాగేనీళ్ల ప్యాకెట్లతో లారీలు బయల్దేరతాయి. నాకు వచ్చిన ఊళ్లో మోకాలి లోతు బురద. చావిడి దగ్గర రేషన్ డీలర్ కనిపించాడు, పాపం ఇల్లు మునిగినా రిజిస్టర్‌ను ప్లాస్టిక్ కవర్లో చుట్టి నెత్తిన పెట్టుకుని కాపాడినాడు. "మీ ఊళ్లో ఎన్ని కుటుంబాలన్నా?" అన్నాను. రిజిస్టర్ విప్పి కార్డులు లెక్కబెట్టి చెప్పాడు. పేర్లు రాసుకున్నాను. గంటలో పని అయిపోయింది. ఆ రోజు అందరికన్నా ముందు లెక్క ఇచ్చింది నేనే. అందరి ముందూ మెచ్చుకున్నారు కూడా, ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది.

నాలుగు రోజుల తర్వాత సామాన్లు సరిగ్గా అందాయో లేదో చూడ్డానికి మళ్లీ పోయాను. అందినాయి, లెక్క సరిపోయింది. తిరిగి జీపు ఎక్కబోతుంటే ఒక అవ్వ ఖాళీ బిందె చంకన పెట్టుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది. "మమ్మల్ని ఎవరు రాసుకున్నారు నాయనా?" అంది. ఎక్కడుంటారవ్వా అని అడిగితే చెయ్యి ఎత్తి చూపించింది. తుమ్మచెట్ల అవతల, కాలవ గట్టు మీద. ఊరి నుంచి మైలు కూడా లేదు. ఎర్రగడ్డలు పీకడానికి వేరే తాలూకా నుంచి వచ్చిన కూలోళ్లు, ముప్పై కుటుంబాలు. చేన్ల పక్కన కొట్టాలు వేసుకుని ఉండేవాళ్లు. కొట్టాలు కొట్టుకుపోతే గట్టు ఎక్కి కూర్చున్నారు. వాళ్ల కార్డులు వాళ్ల సొంత ఊళ్లో ఉన్నాయి. ఈ ఊరి రిజిస్టర్‌లో వాళ్లు లేరు, నా కాగితంలోనూ లేరు, లారీలు వచ్చి పోతుంటే దూరం నుంచి చూశారంట.

డీలర్ మీద గట్టిగా అరిచాను. "వాళ్లు మా ఊరోళ్లు కాదు కదా సార్" అన్నాడు. అబద్ధం ఏం చెప్పాడు? నేను అడిగింది మీ ఊళ్లో ఎన్ని కుటుంబాలని. అడిగినదానికి జవాబు చెప్పాడు. ఇక్కడ ఇప్పుడు తలదాచుకుని ఎవరెవరు ఉన్నారని నేను అడగలేదు. ఆ ఒక్క మాట అడగకపోవడం వల్ల ముప్పై కుటుంబాలు అన్ని రోజులూ వరద నీళ్లు కొంగుతో వడగట్టుకుని తాగినాయి.

గట్టు మీద ఒక బాలింత ఉంది. బిడ్డకు ఇరవై రోజులు కూడా నిండలేదు. విరేచనాలతో బిడ్డ కళ్లు లోపలికి పోయినాయి, ఏడవడానికి కూడా ఓపిక లేదు. ఇద్దర్నీ జీపులో ఎక్కించి కర్నూలు ఆసుపత్రికి పంపి, నేను గట్టు మీదే ఉండిపోయాను, మిగతావాళ్ల పేర్లు రాస్తూ. మరుసటి రోజు వార్డుకు పోతే వాళ్లు లేరు. ఎవరో వచ్చి తీసుకుపోయారన్నారు. ఆ తర్వాతి రోజు గట్టు దగ్గరికి పోతే అక్కడ గుంజలు పాతిన గుంతలు తప్ప ఏమీ లేవు. అందరూ వెళ్లిపోయారు. ఏ ఊరికి పోతారని నేను అడిగి ఉండొచ్చు, ఆ గీత కూడా నా కాగితంలో లేదు. ఆ బిడ్డ బతికి ఉంటే ఇప్పుడు ఇంటర్ చదివే వయసు. బతికిందో లేదో నాకు తెలియదమ్మీ. ఇన్నేళ్లయినా బస్సులో ఆ వయసు పిల్లలు కనిపిస్తే మీది ఏ ఊరని అడుగుతుంటాను.

నువ్వు లెక్కల్లో చురుకు కాబట్టి నీ భాషలోనే చెప్తా. మనిషికి రోజుకు 15 లీటర్ల నీళ్లు, 20 మందికి ఒక మరుగుదొడ్డి, మనిషికి పైకప్పు కింద మూడున్నర చదరపు మీటర్ల చోటు అని స్ఫియర్ ప్రమాణాల పుస్తకంలో, అంటే ఆపదలో ఉన్నవాళ్లకు కనీసం ఎంత సాయం అందాలో చెప్పే పుస్తకంలో, ఉంటుంది. ముప్పై కుటుంబాలంటే 150 మంది అనుకో. రోజుకు 2,250 లీటర్లు. ఆ నీళ్లు ఎవరూ దొంగిలించలేదు, మధ్యలో ఒలికిపోలేదు. అసలు బయల్దేరనే లేదు. నువ్వు రాయని మనిషికి ట్యాంకర్ రాదు.

అందుకని, ఏ క్యాంపుకు పోయినా ముందు పెద్దమనిషి దగ్గర కూర్చో, ఆయన ఇచ్చిన టీ తాగు, ఆయన చెప్పిన లెక్క రాసుకో. ఆ తర్వాత లేచి చివరి కొట్టం దాకా నడువు. బోరింగు దగ్గర ఆడవాళ్లను అడుగు, పడవ నడిపేవాణ్ణి, టీ అమ్మే ఆమెను, కాన్పులు చేసే ఆమెను అడుగు. "ఈ లెక్కలో లేనివాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని ప్రతి ఒక్కరినీ అడుగు. వాళ్లకు భాష రాదని, కులం వేరని, తెగ వేరని పక్కన పెట్టినవాళ్లు ప్రతి చోటా ఉంటారు. కుటుంబం అంటే ఏమిటో కూడా తేల్చుకో. మన జనాభా లెక్కల్లో ఒక వంట ఒక కుటుంబం. రాత్రి ఈ పొయ్యి మీద వండింది ఎంతమంది తిన్నారని అడిగితే సరైన జవాబు వస్తుంది, కుటుంబ సభ్యులెందరని అడిగితే కువైట్‌లో ఉన్న కొడుకును కూడా కలిపి చెప్తారు.

లెక్కకు నెల కూడా ముఖ్యం. కోసిగి, కౌతాళం పక్క ఊళ్లకు ఫిబ్రవరిలో పోతే సగం ఇళ్లకు తాళాలు. అరుగుల మీద ముసలివాళ్లు మాత్రం ఉంటారు. మిగతావాళ్లంతా సుగ్గికి, అంటే గుంటూరు పక్క మిరపకాయలు కోయడానికి పోయి ఉంటారు. కొందరు పిల్లలు సీజనల్ హాస్టల్లో ఉంటారు, కొందరు వాళ్లతోనే పోతారు. అప్పుడు లెక్క తీసినవాడు ఊరు ఖాళీ అయిపోయిందని రాస్తాడు, ఉగాది దాటాక వచ్చినవాడు ఎవరూ వలస పోలేదని రాస్తాడు. ఇద్దరూ కళ్లతో చూసిందే రాశారు. నువ్వు తేదీ రాయకుండా ఒక్క అంకె కూడా పంపొద్దు, పాత అంకెను కొత్తదిగా ఎవరైనా వాడుతుంటే ఊరుకోవద్దు.

జోడా దగ్గర సరిహద్దులో దాటేవాళ్లను లెక్కపెట్టే పని కూడా ఉంటుందన్నావు. అది దాటినవాళ్ల లెక్క, ఉన్నవాళ్ల లెక్క కాదు. ఒకే మనిషి సామాను కోసం రెండుసార్లు దాటొచ్చు, రాత్రి పూట వేరే దారిన వచ్చినవాడు నీ బల్ల ముందుకే రాకపోవచ్చు. కర్నూలులో పగలు స్కూలు క్యాంపులో లెక్కబెడితే మనుషులే ఉండేవాళ్లు కాదు, అందరూ ఇళ్లల్లో బురద ఎత్తడానికి పోయేవాళ్లు. రాత్రికి వచ్చి పడుకునేవాళ్లు. ఈ సంగతి రిపోర్టులో మొదటి పేజీలోనే రాయి, చివర సన్నక్షరాల్లో కాదు.

ఇప్పుడు నన్ను రాత్రి నిద్ర పోనివ్వని విషయం చెప్తా. పేర్ల జాబితా. నువ్వు పుట్టేనాటికి మన సీమలో ఫ్యాక్షన్ కొంత తగ్గింది. నేను చూసిన రోజుల్లో ఓడిపోయిన వర్గం వాళ్లు రాత్రికి రాత్రి ఊరు విడిచి టౌన్లో అద్దె గదుల్లో దాక్కునేవాళ్లు. నేను అప్పట్లో అలాంటి కుటుంబాల పిల్లల్ని స్కూల్లో చేర్పించే పని చేసేవాణ్ణి, నా నోట్‌బుక్‌లో వాళ్లు ఏ వీధిలో ఉన్నారో ఉండేది. ఒకరోజు తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన ఎంతో మర్యాదగా వచ్చి, టీ ఇప్పించి, ఫలానా వాళ్ల పిల్లలకు సాయం చేద్దామనుకుంటున్నాను, ఇల్లెక్కడో చెప్తావా అన్నాడు. నోరు తెరిచాను, ఎందుకో చెప్పబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చి ఆ పేజీలు చించి పొయ్యిలో వేశాను. వారం తర్వాత ఆయన ఎవరి మనిషో తెలిసింది. చేతులు వణికినాయి.

ఆయుధాలు ఉన్నచోట మంచిగా మాట్లాడేవాళ్లే ఎక్కువ అడుగుతారు. మొత్తం ఎంతమందో చెప్పు, ఏ తెగ వాళ్లు ఏ గుడారంలో ఉన్నారో చెప్పొద్దు. అవసరం లేని పేరు అసలు రాసుకోవద్దు. ఫొటోలు ఫ్రెండ్స్‌కు పంపడం నీకు అలవాటు, ఈ ఒక్క విషయంలో నిన్ను తిట్టే హక్కు నాకుంది, మానుకో.

ఇంకోటి. పేరు రాసుకుంటుంటే వాళ్ల కళ్లు నీ కలం మీదే ఉంటాయి, రేపే బియ్యం వస్తాయనుకుంటారు. వస్తుందని చెప్పొద్దు, రాదనీ చెప్పొద్దు. నేను లెక్క పంపుతాను, ఇచ్చేది వేరేవాళ్లు, వీలైతే మళ్లీ వచ్చి చెప్తాను అను. అన్నావంటే మళ్లీ పో.

సాయంత్రం క్యాంపు నుంచి వచ్చాక ఎవరితోనైనా కూర్చుని తిను. ఒంటరిగా గదిలో కూర్చుని ఆ రోజు విన్నవన్నీ తలుచుకోవద్దు. నేను అలా చేసి చాలా ఏళ్లు మీ పెద్దమ్మను బాధపెట్టాను. ఏడుపొస్తే ఏడువు, నాకు ఫోన్ చెయ్, టైం చూసుకోవద్దు. రెండు రింగులకు ఎత్తుతాను. నువ్వు మాత్రం నేను చేసినప్పుడు ఎత్తవు, అది వేరే గొడవ.

మీ పెద్దమ్మ చెనక్కాయల పొడి, నల్లకారం రెండు డబ్బాల్లో కట్టి పెట్టింది. నేను రాస్తుంటే పక్కన నిలబడి, సీలు గట్టిగా వెయ్యాలి, నూనె కారుతుందని మూడుసార్లు చెప్పింది. శంషాబాద్ దాకా నేనూ వస్తాను. మోకాళ్ల సంగతి మీ నాయన ఎత్తితే వినొద్దు. కారులో ముందు సీటు నాకు వద్దు, వెనక నీ పక్కన కూర్చుంటాను.

మీ పెద్దనాయన