గార్మెంట్ కటింగ్ వేస్ట్ ఎగుమతికి ఏ హెచ్ఎస్ కోడ్ వేయాలి: 6310నా, 5202నా, 6309నా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. టీషర్టులు కుట్టే యూనిట్ నుంచి కటింగ్ వేస్ట్ కొని, బేళ్లు కట్టి, ఒక కంటైనర్ బయటి దేశానికి పంపాలనుకుంటున్నారు. హెచ్ఎస్ కోడ్ అంటే కస్టమ్స్ కోసం ప్రతి సరుకుకీ వేసే అంతర్జాతీయ నంబరు. యూనిట్ వాళ్ల బిల్లులో 6310 (గుడ్డ పీలికలు) ఉంది. కొనేవాళ్లు 5202 వేయమంటున్నారు. మీ క్లియరింగ్ ఏజెంట్ మాత్రం "పాత బట్టలన్నీ 6309 అండీ" అంటున్నాడు. ముగ్గురిలో ఎవరి మాట వినాలి?

మీరు చెప్పిన సరుకే బేళ్లలో ఉంటే 6310. యూనిట్ వాళ్లదే కరెక్టు. అయితే ఆ "ఉంటే" అన్న మాట దగ్గరే నేను ఒకసారి దెబ్బతిన్నాను. అది తర్వాత చెప్తాను.

ముందు ఏజెంట్ మాట తేల్చేద్దాం. 6309 అంటే ఒంటి మీద వేసుకుని, వాడి వదిలేసిన బట్టలు, దుప్పట్లు, చెప్పులు లాంటివి. హెచ్ఎస్ పట్టికలో 63వ చాప్టర్ మూడో నోట్ చూడండి. వాడినట్టు స్పష్టంగా తెలియాలి, పైగా విడిగానో బేళ్లలోనో సంచుల్లోనో గుత్తగా రావాలి. రెండూ ఉండాలి. మీ సరుకు కత్తెర కింద నుంచి నేరుగా బేల్‌లోకి వచ్చింది, ఎవరూ తొడుక్కోలేదు. బేల్ కట్టినంత మాత్రాన పాత బట్ట అయిపోదు. 6310లో మాత్రం కొత్త పీలికలకీ చోటుంది, వాడిన పీలికలకీ చోటుంది. చాలామంది ఏజెంట్లు ఈ "కొత్త" అన్న మాట చదవకుండా దాటేస్తారు.

5202 సంగతి ఇంకోలా ఉంటుంది. అది పత్తి వ్యర్థం: అంటే పీచు, నూలు దశలో మిగిలేది. గుంటూరు వైపు స్పిన్నింగ్ మిల్లుల్లో వచ్చే కోంబర్ నాయిల్ (పత్తి దువ్వేటప్పుడు రాలే పొట్టి పీచు), మెషీన్ల దగ్గర చిక్కుపడి మిగిలే నూలు, ఇవన్నీ అందులోకి వెళ్తాయి. మీ ముక్కల్ని ఎవరైనా మెషీన్‌లో వేసి, చింపి, దువ్వి మళ్లీ పీచు చేస్తే అప్పుడు అదీ 5202లోకే వెళ్తుంది, పాలిస్టర్ అయితే 5505, ఉన్ని అయితే 5104. కొనేవాళ్లు తమ దగ్గర ఆ పనే చేస్తారేమో, అందుకే ఆ కోడ్ అడుగుతుండవచ్చు. కానీ వాళ్లు రేపు ఏం చేస్తారన్నది లెక్కలోకి రాదు. ఓడ ఎక్కేటప్పుడు అది గుడ్డ ముక్కా, పీచా? గుడ్డ ముక్కే. మొదటి ఆరు అంకెలూ హెచ్ఎస్ పాటించే దేశాలన్నిటికీ ఒకటే కాబట్టి, ఇక్కడ 6310 వేసి అక్కడ 5202 చూపిస్తే ఇబ్బంది పడేది వాళ్లే. ఆ మాట మెయిల్‌లో మర్యాదగా రాయండి, అర్థం చేసుకుంటారు.

ఇక నా కథ. 2016లో నాది మొదటి కంటైనర్. షర్టుల యూనిట్ సరుకు, పాప్లిన్ ముక్కలు. బిల్లులో "కాటన్ కటింగ్ వేస్ట్" అని ఉంది, నేను కళ్లు మూసుకుని 6310 వేశాను. కంటైనర్ డిపోలో కస్టమ్స్ వాళ్లు మూడు బేళ్లు విప్పమన్నారు. ఇనుప పట్టీ కత్తిరించగానే బేల్ ఉబ్బి, ముక్కలు బయటికి పొర్లాయి. చంక దగ్గర కత్తిరించిన నెలవంకలు, కాలర్ చుట్టూ మిగిలిన పీలికలు, నేను అనుకున్నట్టే. మూడో బేల్‌లో ఆఫీసరు చెయ్యి లోపలిదాకా పెట్టి ఒక ముక్క లాగాడు. లాగుతూనే ఉన్నాడు. మీటరు దాటింది. బల్ల మీద పరిచి, అరచేత్తో ముడతలు సరిచేసి, నా వైపు చూసి "ఇందులో జాకెట్టు గుడ్డ వస్తుంది కదయ్యా, ఇది పీలిక ఎలా అవుతుంది?" అన్నాడు.

దానికి నా దగ్గర సమాధానం లేదు. అవి ఎండ్ బిట్లు. రోల్ చివర, కత్తిరించడానికి పొరగా (దాన్నే లే అంటారు) పరచడానికి చాలక మిగిలేవి. యూనిట్ కుర్రాళ్లు తూకం పెరుగుతుందని అవి కూడా ప్రెస్‌లో తోసేశారు. పీలిక అంటే మళ్లీ బట్టగా వాడుకోలేనిది: కుట్టడానికి పనికిరానంత చిన్నది, లేదా బాగుచేయలేనంత చిరిగినది, మాసినది. పీచు తీయడానికో, కాగితం తయారీకో, మెషీన్లు తుడవడానికో తప్ప ఇంకెందుకూ పనికిరాకూడదు. నేతలో లోపం ఉన్నా, రంగు సరిగా అంటకపోయినా సరే, కుట్టుకోదగ్గ సైజు ఉంటే అది బట్టే. నా పాప్లిన్ బిట్లు 5208 కిందికి వెళ్లాయి. మీ టీషర్టు గుడ్డ అయితే 6006 కింద పడవచ్చు. ఆ ఓడ తప్పిపోయింది, బేళ్లన్నీ విప్పి ఏరించాను, షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కి ఇచ్చే ఎగుమతి పత్రం) మార్పించుకున్నాను, డిపోలో కంటైనర్ ఉన్నన్ని రోజులకీ గ్రౌండ్ రెంట్ కట్టాను. ఆ రెండు వారాల టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఆఫీసరు మీద మాత్రం నాకు కోపం లేదు, ఆయన అడిగింది న్యాయమే.

ఎన్ని అంగుళాల లోపు ఉంటే పీలిక అని అడుగుతారేమో. హెచ్ఎస్‌లో అలాంటి కొలత లేదు. అందుకే ఆయన ప్రశ్నే నాకు టేపు అయింది: దీంతో ఏదైనా కుట్టగలమా?

6310లో కూడా రెండున్నాయి: 6310 10 వేరుచేసినవి, 6310 90 మిగతావి. మీది టీషర్టు యూనిట్ ఒక్కటే కాబట్టి, ముక్కలన్నీ ఒకే రకం నిట్ గుడ్డ అయితే, లేదా రంగువారీగానో పూర్తి కాటన్ వేరుగానో ఏరి ఉంటే 10. ఊడ్చిన చెత్తతో సహా కలగలిపి కట్టేస్తే 90. ఏరడం కోడ్ కోసమే కాదు, రేటు కోసం కూడా. పానిపట్‌లో పాత ఉన్ని బట్టల్ని రంగుల వారీగా ఏరి చింపి షాడీ నూలు తీస్తారు, మళ్లీ రంగు అద్దే ఖర్చు చాలావరకు తప్పుతుందని. మీ తెల్ల ముక్కలు తుడుపు గుడ్డలకి వేరే రేటు పలుకుతాయి. తెలుపు, రంగు కలిపి అమ్మితే నష్టం మీకే.

దిగుమతి ఆలోచన ఉంటే జాగ్రత్త, అది ఇంత తేలిక కాదు. వాడిన బట్టల దిగుమతి మన దేశంలో రెస్ట్రిక్టెడ్, అంటే అనుమతి ఉంటేనే. పీలికల పేరుతో మంచి కోట్లు, స్వెట్టర్లు వస్తాయన్న భయంతోనే, పీలికల్ని పంపే దేశంలోనే పూర్తిగా కోసి పాడుచేసి పంపాలన్న షరతు పెట్టారు.

ఇంకా అనుమానం తీరకపోతే, సరుకు పంపక ముందే ఏ కోడో ముందే తేల్చి చెప్పే కస్టమ్స్ అడ్వాన్స్ రూలింగ్ అథారిటీకి అప్లై చేయవచ్చు, ఢిల్లీలో, ముంబైలో ఉన్నాయి, వాళ్లు తేల్చడానికి చట్టంలో మూడు నెలల గడువుంది. ఒక్క కంటైనర్ కోసం నేనైతే అంత దూరం వెళ్లను. ప్రతి నెలా పంపే ఆలోచన ఉంటే మాత్రం వెళ్తాను. ఇన్వాయిస్‌లో "వేస్ట్" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. కొత్త నిట్ కటింగ్ పీలికలు, కాటన్ ఎంత శాతం, ఏరినవా కాదా, అన్నీ రాయండి.

ఈ వారం యూనిట్‌కి వెళ్లి, మీరే ఏదో ఒక బేల్ చూపించి విప్పించండి, వాళ్లు చూపించింది కాదు. పైపైన కాకుండా అడుగు నుంచి తీసిన ముక్కలు నేల మీద పరిచి ఫొటో ఇక్కడ పెట్టండి, పక్కన టేపు పెట్టి. ఎండ్ బిట్లు ఉన్నాయో లేవో చూసి చెప్తాను.