కబడ్డీ ఫోటోల్లో రైడర్ మసకగా, డిఫెండర్ వీపు స్పష్టంగా వస్తుంటే ట్రాకింగ్ సెన్సిటివిటీని ఎటు జరపాలి?

నమస్కారం. హనుమకొండలో పాఠశాల స్థాయి కబడ్డీ పోటీలు తీసేటప్పుడు కెమెరాను కంటిన్యుయస్ ఆటోఫోకస్‌లోనే (కదిలే మనిషిని బట్టి ఫోకస్ మారుతూ ఉండే పద్ధతి) ఉంచి, ట్రాకింగ్ సెన్సిటివిటీని చివరిదాకా పెంచినా, కూతకు వెళ్లిన ఆటగాడు (రైడర్) మసకబారి, అతనికి అడ్డంగా దాటిన డిఫెండర్ వీపు మీది నంబరు మాత్రం స్పష్టంగా వస్తోందని మీరు రాశారు. వరంగల్ చుట్టుపక్కల కబడ్డీ, ఖోఖో, పరుగు పోటీలను చాలాకాలంగా తీస్తున్న అనుభవంతో చెబుతున్నాను, సెన్సిటివిటీని పెంచడం వల్లనే మీకు ఈ ఇబ్బంది వస్తోంది.

ఆటగాణ్ణి కెమెరా ఎంత వేగంగా వెంబడిస్తుందన్న దానితో ఈ సెట్టింగుకు సంబంధం లేదు. ఫోకస్ పాయింటు (కెమెరా ఫోకస్ కోసం చూసే చోటు) కింద ఉన్న దూరం ఉన్నట్టుండి మారిపోతే, కెమెరా వెంటనే ఆ కొత్త దూరానికి వెళ్లాలా, లేక పాత మనిషి మళ్లీ కనబడతాడేమోనని కాసేపు ఆగాలా అన్నది మాత్రమే దీనితో తేలుతుంది. ఎక్కువకు పెడితే ఆగదు, తక్కువకు పెడితే ఆగుతుంది. కబడ్డీలో మనకు కావలసింది ఆగే గుణమే. రైడర్ బోనస్ గీత దాటించి ఒక పాదం మోపి, వెనక కాలు గాలిలోకి లేపిన ఆ క్షణాన్ని గమనించండి: మూలన ఉన్న డిఫెండర్ చీలమండ పట్టడానికి వంగుతాడు, పక్కనున్న మరొకడు రైడర్‌కూ మన లెన్సుకూ మధ్యగా దూసుకొస్తాడు. ఆ అడ్డు రెప్పపాటులో తొలగిపోతుంది. అంతలోనే కెమెరా ముందుకొచ్చిన వీపు మీదికి ఫోకస్ మార్చుకుంటే, తిరిగి రైడర్‌ను అందుకునేసరికి పట్టు ముగిసిపోతుంది.

ఏ వైపు జరపాలన్నది కంపెనీని బట్టి మారుతుంది కనుక, ఇతరులు చెప్పిన అంకెను యథాతథంగా పెట్టుకోవద్దు. కెనాన్‌లో -2 వైపు ‘లాక్డ్ ఆన్’ (ఆగడం), +2 వైపు ‘రెస్పాన్సివ్’ (వెంటనే మారడం) అని ఉంటుంది. కబడ్డీకి నేను -1తో మొదలుపెట్టి, కోర్టు అంచున అడ్డం ఎక్కువగా ఉంటే -2కు వెళతాను. సోనీలో 1 అంటే లాక్డ్ ఆన్, 5 అంటే రెస్పాన్సివ్. నికాన్‌లో ‘బ్లాక్డ్ షాట్ ఏఎఫ్ రెస్పాన్స్’ అనే అమరికలో దీనికి సరిగ్గా తిరగబడి, 1 అంటే వెంటనే మారిపోవడం, 5 అంటే ఎక్కువసేపు ఆగడం. అంటే సోనీలో 2 ఇచ్చే ఫలితం కోసం నికాన్‌లో 4 వైపు చూడాలి.

అయితే ఆగే గుణం పనికిరావాలంటే, కెమెరా మొదట సరైన మనిషినే పట్టుకుని ఉండాలి. అన్ని పాయింట్లనూ కెమెరాకే వదిలేస్తే అది సాధారణంగా దగ్గరగా ఉన్నవాణ్ణే ఎంచుకుంటుంది. అప్పుడు సెన్సిటివిటీని తగ్గించి ఉంచితే ఆ తప్పు మనిషినే మరింత గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. అందుకే ఒకే పాయింటును, దాని చుట్టూ ఉన్న పాయింట్ల సాయంతో వాడుతూ, రైడర్ మధ్య గీత దాటక ముందే అతని ఛాతీ మీద ఉంచి, ఫోకస్‌ను నడిపే వెనకవైపు ఏఎఫ్-ఆన్ బటన్‌ను నొక్కి పట్టుకోండి. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల్లో కన్ను, ముఖం గుర్తించే సదుపాయం ఉన్నా, ఏడుగురు డిఫెండర్ల ముఖాలు ఒకే ఫ్రేములో ఉన్నప్పుడు మొదటి పాయింటును మనమే పెట్టడం మేలు.

రైడర్ పరుగు ఒకే తీరుగా ఉండదు. ఆగుతాడు, వెనక్కి ఒరుగుతాడు, మళ్లీ దూకుతాడు. కెనాన్‌లో యాక్సిలరేషన్, డీసెలరేషన్ ట్రాకింగ్‌ను +1కు, నికాన్‌లో సబ్జెక్ట్ మోషన్‌ను ‘ఎర్రాటిక్’ (తీరు లేని కదలిక) వైపుకు జరిపితే దీనివల్ల వచ్చే ఫోకస్ తడబాటు తగ్గుతుంది.

ఖోఖోకు ఇదే అమరికను కళ్లు మూసుకుని వాడలేము. కూర్చున్న ఆటగాళ్ల మధ్య నుంచి మెలికలు తిరిగే రన్నర్‌ను తీసేటప్పుడు తక్కువ సెన్సిటివిటీ చక్కగా పనిచేస్తుంది, కానీ తరిమేవాళ్లను తీస్తుంటే ‘ఖో’ అన్న మరుక్షణమే మన మనిషి మారిపోతాడు. అలాంటప్పుడు మెనూలోకి వెళ్లే వ్యవధి ఉండదు కాబట్టి, బటన్‌ను వదిలి, లేచిన ఆటగాడి మీద పాయింటు పెట్టి మళ్లీ నొక్కాలి. కొత్తగా నొక్కినప్పుడు కెమెరా పాత దూరం కోసం ఎదురుచూడదు. 2021 సెప్టెంబరులో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ పోటీలు జరిగిన హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం వంటి ట్రాక్ మీద హర్డిల్స్‌ను ఎదురుగా నిలబడి తీసేటప్పుడు మళ్లీ తక్కువ సెన్సిటివిటీ వైపే రావాలి, ఎందుకంటే ప్రతి హర్డిల్ పలకా పరుగు తీసేవారి నడుము కింది భాగాన్ని కాసేపు కప్పేస్తుంది.

ఇవన్నీ మార్చే ముందు ఒక పరీక్ష చేయండి. మసకగా వచ్చిన ఫోటోను 100 శాతానికి పెద్దది చేసి చూస్తే, మ్యాట్ మీది గీతో, పక్కనున్న మరో ఆటగాడో స్పష్టంగా ఉండి రైడర్ మొత్తం మెత్తగా కనిపిస్తే తప్పు ఫోకస్‌ది. రైడర్ నడుము స్పష్టంగా ఉండి చేతులు, పాదాలు మాత్రమే చెదిరితే తప్పు షట్టర్ వేగానిది. పగలు 1/1000 సెకనుకు తగ్గవద్దు, రాత్రి లైట్ల కింద ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచి అయినా 1/640 దగ్గర నిలపండి. కెనాన్ డీపీపీ, నికాన్ ఎన్‌ఎక్స్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఫోటో తీసిన క్షణాన ఫోకస్ పాయింటు ఎక్కడుందో కూడా కనబడుతుంది. పాయింటు రైడర్ మీదే ఉండి ఫోకస్ మాత్రం డిఫెండర్ మీద ఉంటే సెన్సిటివిటీని తగ్గించాలి. పాయింటే పక్కకు పోయి ఉంటే ఏ సెట్టింగూ ఆదుకోదు, చేతికి సాధన కావాలి.

రాత్రి పోటీలైతే లెన్స్ సంగతి కూడా చూసుకోండి. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్‌లోకి వచ్చే వెలుతురు తగ్గుతుంది కనుక, ఎఫ్/5.6 జూమ్‌తో ఫోకస్ వ్యవస్థకు అందే వెలుతురే తక్కువ, అందువల్ల ఎంత సరిచేసినా అది వెతుకులాడుతూనే ఉంటుంది. పురుషుల కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు మాత్రమే కాబట్టి, 70-200 ఎంఎం ఎఫ్/2.8 జూమ్ కొనే స్తోమత లేకపోయినా, కోర్టు మూలన కూర్చుని 85 ఎంఎం ఎఫ్/1.8తో చాలా పట్లు తీయవచ్చు.