బొబ్బిలి డాబా మీద అజేలియా ఆకులు పసుపెక్కడం గురించి

అక్కా, డార్జిలింగ్ నుంచి తెచ్చిన అజేలియా పూలమొక్క ఆకులు పసుపెక్కుతున్నాయని, రోజూ బోరు నీళ్లే పోస్తున్నామని రాశారు కదా. ఫొటోలో ఆకంతా పసుపైనా ఈనెలు మాత్రం పచ్చగానే ఉన్నాయి, గమనించారా? అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము ఉన్నా, బోరు నీళ్లలోని సున్నం వల్ల వేరు దాన్ని తీసుకోలేదు. అజేలియాలు రోడోడెండ్రాన్ ప్రజాతివే. వీటికి ఆమ్ల నేల కావాలి, పీహెచ్ 4.5 నుంచి 6 లోపు.

ముందు బోరు నీళ్లు మానేసి, పట్టి ఉంచిన వాన నీళ్లు పోయండి. లీటరు నీటికి 2 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి. బూడిద మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వేయొద్దు.

తర్వాత కుండీ మార్చండి. బాగా కడిగిన కొబ్బరి పొట్టు, మాగిన ఆకు ఎరువు సగం సగం చాలు. దీని వేర్లు వెంట్రుకల్లా సన్నగా, పైపైనే ఉంటాయి. మొదలు లోతుగా పూడ్చితే కుళ్లిపోతుంది. డాబా మీంచి దించి తూర్పు వరండాలో పెట్టండి, పొద్దుటి ఎండ సరిపోతుంది.

రోడోడెండ్రాన్‌లో ఎర్రపూల చెట్టు రకం కూడా తెప్పిస్తానన్నారు, అది వద్దక్కా. ఉత్తరాఖండ్ రాష్ట్ర వృక్షం అది, నీలగిరుల్లోనూ పెరుగుతుంది. చల్లని ఎత్తైన కొండల చెట్టు, మన మే నెల వేడికి నిలవదు. ఆ చోట నూరువరహాలు వేయండి, ఏడాది పొడుగునా పూస్తుంది.

ఇంట్లో మేకలున్నాయన్నారు. అజేలియా ఆకులు వాటికి విషం, కత్తిరించిన కొమ్మలు కూడా అందనివ్వకండి.