మన డబ్బుతో కొన్న డీవీడీని మనం కాపీ చేసుకుంటే కేసవుద్దా?

ప్రశ్న: సార్, మా నాన్నగారు రిటైరయ్యాక పాత సినిమాల డీవీడీలు కొని పోగేశారు, ఓ 200 దాకా ఉంటాయి, ఆయన పోయి రెండేళ్లయింది. ఇప్పుడు కొన్ని ఆగి ఆగి ఆడుతున్నాయి. మా తమ్ముడు ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తే కాపీ అయితే అయ్యింది గానీ ప్లే చేస్తే బొమ్మంతా ఆకుపచ్చ గళ్లు గళ్లుగా వస్తోంది. నెట్‌లో దీనికి సాఫ్ట్‌వేర్లున్నాయంట, వాడితే కేసవుద్దా? అసలు ఈ కంపెనీలు పైరసీ చేసేవాళ్లని వదిలేసి డబ్బులిచ్చి కొన్న మా మీద పడతాయెందుకు? - ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ గళ్ల సంగతి. సినిమా డీవీడీకి సీఎస్ఎస్ అని ఒక తాళం ఉంటుంది, దాని తాళంచెవి డిస్కులో లోపలి అంచు దగ్గర ఒక చోట పెడతారు, మనం మామూలుగా ఫైళ్లు కాపీ చేస్తే అది రాదు, తాళం వేసిన సినిమా ఒక్కటే వస్తుంది. ఖాళీ డీవీడీ కొని దానిమీద రాద్దామన్నా ఆ చోట మనల్ని రాయనివ్వరు. తమాషా ఏంటంటే, ఫ్యాక్టరీలో ప్రెస్ పెట్టి వేలకి వేలు దొంగ డిస్కులు అచ్చుకొట్టేవాడికి ఈ తాళంతో పనే లేదు, తాళంతో సహా మొత్తం అచ్చు దింపేస్తే ఏ ప్లేయర్లో పెట్టినా ఆడుతుంది. అంటే ఆపింది ఎవరినండీ, మీ తమ్ముణ్ణి!

ఆ తాళం కూడా పెద్ద గట్టిదేం కాదు, 40 బిట్లది, అంటే తాళంచెవి చాలా పొట్టిది. ఒక ప్లేయర్ సాఫ్ట్‌వేర్ వాళ్లు తమ తాళంచెవిని సరిగ్గా దాచుకోలేదు, దాంతో 1999లో నార్వేలో జాన్ లెక్ యోహాన్సెన్ అనే 15 ఏళ్ల కుర్రాడు, ఇంకో ఇద్దరూ కలిసి ఆ తాళం తెరిచే డీసీఎస్ఎస్ అని ఒక చిన్న ప్రోగ్రాం బయటికి వదిలారు. వాడి మీద కేసు పెట్టారు, 2003లో కింది కోర్టూ, పై కోర్టూ రెండూ వదిలేశాయి, తను కొనుక్కున్న డిస్కు తను తెరుచుకుంటే నేరమెలా అవుతుందని. అమెరికాలో మాత్రం వేరే కథ, 321 స్టూడియోస్ అనే కంపెనీ డీవీడీ ఎక్స్ కాపీ అని డీవీడీలు కాపీ చేసే సాఫ్ట్‌వేర్ అమ్మేది, పిల్లలు గీతలు పెట్టేస్తారు కాబట్టి ఇంకో కాపీ ఉంచుకోండి అని, పైగా ఆ కాపీకి మళ్లీ కాపీ తీయకుండా కూడా కట్టడి పెట్టింది పాపం. 2004 ఫిబ్రవరిలో కోర్టు అమ్మొద్దంది, ఆగస్టుకల్లా దుకాణం మూత. ఫ్రీగా దొరికే సాఫ్ట్‌వేర్లు మాత్రం నెట్‌లో తిరుగుతూనే ఉన్నాయి. పద్ధతిగా అమ్మినవాడు పోయాడు, అంతే జరిగింది.

మన చట్టానికి వస్తే, 2012లో కాపీరైట్ చట్టంలో 65ఏ అని సెక్షన్ చేర్చారు, తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా. కానీ అందులో హక్కులు కొల్లగొట్టే ఉద్దేశంతో అన్న మాట ఉంది, అదే ముఖ్యం. నాన్నగారు కొన్న డిస్కుని మీ ఇంట్లో మీరు చూసుకోడానికి దాచుకోవడం వేరు, కాపీ తీసి పక్కింటికి యాభై రూపాయలకి అమ్మడం వేరు. మీ జోలికి ఎవరూ రారనే నా అభిప్రాయం, నేను లాయర్ని కాదనుకోండి.

ఇక కంపెనీలు ఏం చేయాలంటారా, చేసి చూపించినవాళ్లున్నారు. గుర్తుందా, మోజర్ బేర్ అని సినిమా డిస్కులు అమ్మే కంపెనీ? అప్పటిదాకా ఒరిజినల్ డీవీడీ అంటే వందల్లో మాట, ఫుట్‌పాత్ మీద దొంగది ముప్పై నలభైకి వచ్చేది, ఎవడు కొంటాడు ఒరిజినల్? వీళ్లొచ్చి వీసీడీ 28, డీవీడీ 34 రూపాయలు అన్నారు, పల్చటి కవర్లో పెట్టి. మా వీధి చివర ఫ్యాన్సీ షాపులో షాంపూ ప్యాకెట్ల పక్కన వేలాడేసేవాళ్లు, పాలకని వెళ్లి చిల్లర మిగిలితే ఓ సినిమా తెచ్చుకునేవాణ్ణి, మా ఆవిడ తిట్టేది. దొంగ డిస్కు, మధ్యలో ఎవడో లేచి వెళ్తున్న నీడ పడే డిస్కు, మళ్లీ నేను ముట్టుకోలేదు. తర్వాత ఆ కంపెనీ మూతపడింది నిజమే, డిస్కుల కాలమే పోయింది కదా. ఇప్పుడు కూడా అదే రోగం వేరే రూపంలో ఉంది, ఒక్కో సినిమా ఒక్కో యాప్‌లో పెట్టి అన్నింటికీ విడివిడిగా డబ్బు కట్టమంటే జనం దొంగ సైట్ల వైపు చూడకుండా ఉంటారా?

ఇంకో మాట, పెద్ద లీకులు చాలావరకు లోపలి నుంచే. 2013లో అత్తారింటికి దారేది రిలీజ్‌కి ముందే దాదాపు సగం సినిమా బయటికొచ్చేసింది, ఏ తాళం ఆపింది దాన్ని? నిర్మాత చేసిన తెలివైన పని ఏంటంటే రిలీజ్‌ని ముందుకు జరిపి సెప్టెంబర్ 27నే థియేటర్లలోకి తెచ్చేశాడు, జనం ఎగబడి చూశారు.

మీ పని సంగతి: ఆగి ఆడేవాటిని మెత్తటి బట్టతో మధ్యలోంచి అంచుకి నిలువుగా తుడవండి, గుండ్రంగా తిప్పి రుద్దొద్దు. ఇంట్లో పెళ్లి వీడియోలు స్టూడియోవాళ్లు రాసిచ్చిన డిస్కులుంటే సినిమాల కంటే ముందు వాటిని ఎక్కించండి, అవి రంగు పూత మీద రాసినవి, అచ్చు డిస్కుల కంటే త్వరగా పోతాయి. వాటికి తాళం కూడా ఉండదు లెండి.

ప్రశ్న: థియేటర్లో ఫోన్‌తో సినిమా తీస్తే ఏం శిక్ష? - వరంగల్ విద్యార్థి

జవాబు: తియ్యకు బాబూ. 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టం మార్చారు, కనీసం మూడు నెలలు, గరిష్ఠంగా మూడేళ్లు జైలు, జరిమానా 3 లక్షల నుంచి మొదలు, సినిమా ఖర్చులో 5 శాతం దాకా వెళ్లొచ్చు. 100 కోట్ల సినిమా అయితే ఎంతో నువ్వే లెక్కేసుకో.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికా నుంచి మనవడికి కార్టూన్ డీవీడీలు తెచ్చింది. లాప్‌టాప్‌లో పెడితే రీజియన్ మార్చాలి, ఇంక 3 సార్లే మిగిలాయి అంటోంది. మార్చమంటారా? - ఒక తాతగారు, నిజామాబాద్

జవాబు: వద్దండీ. అమెరికాది రీజియన్ 1, మనది 5, ఒక దేశంలో అమ్మింది ఇంకో దేశంలో ఆడకుండా కంపెనీలు పెట్టిన కంచె అది. డ్రైవ్‌లో మొత్తం ఐదుసార్లే మార్చనిస్తుంది, ఆ తర్వాత ఏ నంబర్ దగ్గరుంటే అక్కడే ఉండిపోతుంది. టీవీ పక్కన పెట్టుకునే చవక ప్లేయర్లు చాలావరకు ఏ రీజియన్ అయినా ఆడిస్తాయి, అందులో పెట్టి చూడండి. మొదటిసారి సెట్ చేయడం కూడా లెక్కలోకే వస్తుంది, అంటే ఒకటి అది, రెండోసారి ఎవరు నొక్కారో మీ మనవణ్ణి ఒకసారి అడగండి.